సువార్తమ్మ నీడ

పొద్దున్నే ప్రార్థన ముగించి, భర్త ప్రభుదాసుకి కాఫీ ఇచ్చి, సంచీ పట్టుకుని చిక్కడపల్లి మార్కెట్‌కి బయల్దేరడం సువార్తమ్మకి అలవాటు. బడిలో పంతులమ్మగా రిటైరై చాలాకాలమైంది. అశోక్‌నగర్‌లో వాళ్ళుండే సందు నుంచి మార్కెట్ దగ్గరే అయినా, ఆవిడ తిరిగొచ్చేసరికి ఎండ ముదిరేది. కారణం ఆవిడ నీడ. మిట్టమధ్యాహ్నం అందరి నీడలూ కాళ్ళ కిందికి ముడుచుకుంటే, ఆవిడది పందిరంత పరుచుకుని చల్లగా ఉండేది. కొత్తిమీర అమ్మే ఈదమ్మ, కట్టలు వాడిపోతున్నాయి, జరసేపు నిలబడమని అడిగేది. లైబ్రరీ గేటు దగ్గర ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు ఆవిడ రాగానే పుస్తకాలతో సహా ఆ నీడలోకి జరిగేవాళ్ళు.

ఒక్కటే చిక్కు. ఆ నీడ ఆవిడ నెత్తిన మాత్రం పడదు. గొడుగు వేసుకుంటే అసలు నీడే ఉండదు. అందుకని కొంగు కప్పుకుని ఎండలోనే నిలబడేది.

ఆ ఏడు వేసవి మొదట్లో సందు చివర ఓ పాత ఇల్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్ మొదలుపెట్టారు. పాలమూరు వైపు నుంచి వచ్చిన నర్సింహమ్మ అక్కడ ఇటుకలు మోసేది. మొగుడు లేడు. చంటి కూతురు మనీషని ఇసుక కుప్ప పక్కన గోనెసంచి మీద పడుకోబెట్టి పనిచేసుకునేది. ఓ రోజు మార్కెట్ నుంచి వస్తూ సువార్తమ్మ చూస్తే పసిదాని మొహం కందిపోయి ఉంది. ఏడవడానికి ఓపిక లేక మూలుగుతోంది. ఆవిడ సంచీ కింద పెట్టి, నీడ పిల్ల మీద పడేలా నిలబడింది. కాసేపటికి పిల్ల కళ్ళు తెరిచి కాళ్ళాడించింది.

నర్సింహమ్మ తట్ట దించి పరుగున వచ్చింది. ఎండకు పిల్లకి ఇంతకుముందే ఫిట్స్ వచ్చాయట. రేకుల కింద పడుకోబెడితే ఇంకా ఉడికిపోతోందట. ఊళ్ళో పిల్లల్లేని ఆడబిడ్డ ఉంది, పెంచుకుంటానంది, కానీ ఇచ్చాక మళ్ళీ అడగొద్దని ముందే చెప్పింది. శనివారం మరిది హనుమప్ప వచ్చి తీసుకుపోతాడు.

"నా కాడుంటే సస్తది. ఆడుంటే బతుకుతది గదమ్మా" అంది నర్సింహమ్మ.

సువార్తమ్మ పిల్లని ఇంటికి తీసుకెళ్ళి చూసింది. తల్లి కనబడక, పిల్ల ఊపిరి బిగబట్టి నీలంగా మారేదాకా ఏడ్చింది. దాంతో మర్నాటి నుంచి ఆవిడే ఇసుక కుప్ప దగ్గర నిలబడడం మొదలుపెట్టింది. ప్రభుదాసు క్యారియర్ తెచ్చి విసుక్కునేవాడు. చర్చికి చందా ఇస్తున్నాం, స్త్రీల సమాజం తరఫున చీరలు పంచారు, ఇంకా ఇదెందుకని.

"ఆ చీరలు పంచినప్పుడు మన నెత్తిమీద ఫ్యాన్ తిరుగుతోందండీ" అందావిడ. "దాహమైన వాళ్ళకి నీళ్ళిమ్మన్నాడు ప్రభువు. ఈ పిల్లకి కావలసింది నా దగ్గరే ఉందిగా."

శుక్రవారం ఆవిడ కళ్ళు తిరిగి పడిపోయింది. బీపీ బాగా పెరిగిందనీ, ఇక ఎండలో నిలబడితే ప్రాణానికే ముప్పనీ డాక్టరు చెప్పాడు. శనివారం పొద్దున, ఇక రాలేనన్న మాట తనే చెప్పాలని భర్త చెయ్యి పట్టుకుని వెళ్ళింది. నర్సింహమ్మ నిష్ఠూరమాడలేదు. మీ పానం మీదికి తెచ్చుకోకుండ్రమ్మా అని, పిల్ల గౌన్లు మూట కట్టడం మొదలుపెట్టింది. సువార్తమ్మ పిల్ల తల మీద చెయ్యి వేసి ప్రార్థన చెయ్యబోయింది. ఒక్క మాట కూడా రాలేదు. కళ్ళు తుడుచుకుని లేచింది. ప్రభుదాసు గొడుగు విప్పాడు.

నాలుగడుగులు వేశారో లేదో, వెనక నుంచి నర్సింహమ్మ పిలిచింది.

"అమ్మా, మీ నీడ ఈడనే ఉన్నది."

సువార్తమ్మ వెనక్కి తిరిగింది. గోనెసంచి మీద, పిల్ల చుట్టూ, నీడ చల్లగా పరుచుకుని ఉంది.

"ఉండనీ" అంది.

మధ్యాహ్నం హనుమప్ప వచ్చాడు. పిల్లని ఎత్తుకుని ఎండలో అటూ ఇటూ తిరిగి చూశాడు. ఎటు తిరిగితే అటు నీడ వెంట వచ్చింది. ఇక తీసుకుపోయే పనేముందని చాయ్ తాగి, ఒక్కడే బస్సెక్కాడు. నర్సింహమ్మ మూట విప్పి గౌన్లు తీగ మీద ఆరేసింది.

ఈదమ్మ కొత్తిమీర మీద తడిగుడ్డ కప్పడం మొదలుపెట్టింది. లైబ్రరీ పిల్లలు గోడవారకి జరిగారు. టీచరమ్మ నీడని ఎవరికో ఇచ్చిందంట అనుకున్నారు, అంతే.

కొన్నాళ్ళకి నర్సింహమ్మ పని నారాయణగూడకి మారింది. ఓ ఆదివారం ఒకే గొడుగు కింద చర్చికి వెళ్తూ ఆ దంపతులు మనీషని చూశారు. పాకుతోంది. అక్కడికి కొత్తగా పనికొచ్చిన ఎవరో తల్లి, సిమెంటు బస్తాల పక్కన ఎండలో తన పసికందుని పడుకోబెట్టింది. అది గుక్కపట్టి ఏడుస్తోంది. మనీష మోకాళ్ళకి దుమ్ము పూసుకుంటూ దాని దగ్గరికి పాకి, పక్కన చతికిలబడింది. వెంటే నీడా వచ్చి ఇద్దరి మీదా పరుచుకుంది. ఏడుపు ఆగింది.

పక్క వీధి చర్చిలో మొదటి పాట అందుకున్నారు. ఆలస్యమంటే గిట్టని ప్రభుదాసు అక్కడే నిలబడిపోయాడు.

"కాసేపు ఆగుదాం" అన్నాడు.