లంగరు లేని బండి

పాతికేళ్ళు పడవ నడిపిన నూకన్న పడవ ఆపే ఏ జెట్టీకీ ఒక్క గీత పెట్టిన పాపాన పోలేదు. ఆ నూకన్నే పడవ అమ్మేసి తెల్ల టాక్సీ వేన్ కొన్నాక, ఏం చెప్పమంటారు, పోర్ట్ బ్లెయిర్ దగ్గరి తుష్నాబాద్ నుంచి వండూర్ దాకా ఆయన గుద్దని వస్తువేదో వెతుక్కోవలసి వచ్చింది. మొదట పంచాయతీ కుళాయి దిమ్మ. తర్వాత వండూర్ బీచ్ దగ్గర కొబ్బరిబొండాల బండి. ఆ తర్వాత ఆస్టినాబాద్‌లో టీ కొట్టు ముందున్న బల్ల. దానిమీద ఆ పూట ఎవరూ కూర్చోలేదు కాబట్టి సరిపోయింది. అన్నీ మెల్లగా, మర్యాదగా, బండి ఆగబోయే సమయంలోనే జరిగాయి. మనిషికి గోరంత దెబ్బ తగల్లేదు గానీ బంపరు మాత్రం మూడుసార్లు మారింది. మూడుసార్లూ ఇన్సూరెన్స్ కంపెనీయే ఖర్చు భరించింది.

ఇప్పుడా పాలసీ గడువు ముగియవచ్చింది. కొత్త ఏడాదికి కంపెనీ అడిగిన ప్రీమియం విని నూకన్న కుర్చీలోంచి లేచి వచ్చేశాడు.

"హై రిస్క్ అంట!" అన్నాడు ఇంటికొచ్చి, భార్య కామమ్మతో. "నానేటి, హై రిస్కేటి? సముద్రమే నన్నా మాట అన్నేదు. ఈ కంప్యూటర్ డబ్బా అంతాదా?"

కామమ్మ చేపలు తోముతూ తలెత్తలేదు. "సముద్రానికి బంపరు నేదు గదా మరి," అంది.

చట్టం అడిగే చిన్న పాలసీ ఒకటి చవగ్గానే దొరుకుతుంది. దాంతో బండి రోడ్డెక్కొచ్చు గానీ, సొంత బండికి దెబ్బ తగిలితే పైసా రాదు. కమలాకుమారి టీచరు దానికి ససేమిరా అంది. తుష్నాబాద్ నుంచి ఆస్టినాబాద్ బడికి రోజూ నూకన్న వేన్‌లో వెళ్ళే నలుగురు టీచర్లకీ ఆవిడే పెద్ద.

"నూకన్నా, నీ మీద కోపం కాదు. నీ బండి షెడ్డులో పడినప్పుడల్లా మేం బస్సు వెనకాల పరిగెడుతున్నాం. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే వెంటనే బాగుచేయించుకుంటావు. సెలవులయ్యేలోపు చేయించు, లేదంటే ఇంకో బండి చూసుకుంటాం," అని చెప్పేసింది.

ఆ నలుగురూ దిగిపోతే వేన్‌కి నిలకడైన బాడుగ లేదు. టూరిస్టులు ఎండ చూసి వస్తారు, వర్షం చూసి మానేస్తారు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, అదే వారం ధనరాజు ఫోను చేశాడు. నూకన్న పడవ కొన్నది ఇతనే. "ఆ ఇంజను నీ చెయ్యి పడితేనే మాట వింటాంది నూకన్న భయ్యా. వచ్చియ్, వాటా ఇస్తాను," అన్నాడు.

ఆ మాట విన్నప్పటినుంచి కామమ్మకి అన్నం సయించలేదు. ఒక వానాకాలంలో గాలివాన పట్టి నూకన్న పడవ తెల్లారేదాకా తిరిగి రాలేదు. ఆ రాత్రంతా ఆమె వండూర్ ఒడ్డున తడిసిన చీరతో నిలబడే ఉంది. ఆయన రాగానే చెంప మీద ఒకటిచ్చి, వాటేసుకుని ఏడ్చి, పడవ అమ్మేస్తే తప్ప ఇంట్లోకి రానివ్వనంది. నూకన్న అమ్మాడు. లంగరు మాత్రం ఇవ్వలేదు. ఉండనీ, ఎప్పుడైనా పనికొస్తుందని మంచం కింద పెట్టుకున్నాడు. రోజూ ఊడ్చేటప్పుడు చీపురు ఆ ఇనుముకి తగిలేది, కామమ్మ గుండె ఝల్లుమనేది. ఈయన మళ్ళీ వెళ్ళిపోతాడని ఆ లంగరు రోజూ చెప్తున్నట్టే ఉండేది.

నూకన్నకి కూడా వెళ్ళాలని లేదు. వయసు మీద పడింది. రాత్రి కామమ్మ పక్కన పడుకుని వాన చప్పుడు వినడంలో సుఖం తెలిసొచ్చింది. అందుకే పోర్ట్ బ్లెయిర్‌లో కనిపించిన ఇన్సూరెన్స్ ఆఫీసులన్నీ ఎక్కి దిగాడు. ప్రతిచోటా ఎవరో కుర్చీ చూపించడం, కీబోర్డు టకటక కొట్టడం, ఆ మూడు బంపర్లూ తెర మీద కనిపించగానే మొహం మార్చుకోవడం. చివరికి గిరిధర్ దగ్గరికి చేరాడు. గిరిధర్ తండ్రి ప్రభుత్వ ఉద్యోగం మీద ద్వీపాలకి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. కొడుకు ఇన్సూరెన్స్ ఏజెంటు.

"బాబాయ్, ముందు బండి ఫోటోలు పంపండి. నాలుగు వైపులా. చూశాక మా మేనేజర్‌తో మాట్లాడతా," అన్నాడు గిరిధర్.

బండి ఎంత భద్రంగా ఉందో కంపెనీకి చూపించాలనుకున్నాడు నూకన్న. తెలిసిన షెడ్డుకెళ్ళి పాత టైర్లు అడిగి తెచ్చి, పడవకి కట్టినట్టే వేన్ చుట్టూ తాళ్ళతో వేలాడగట్టాడు. ముందు రెండు, వెనక రెండు, పక్కలకి చెరొకటి. దేనికి తగిలినా టైరే తగులుతుంది, బండికేం కాదు. తన తెలివికి తనే మురిసిపోయి ఫోటోలు పంపాడు.

గంటలో గిరిధర్ ఫోను. నవ్వు ఆపుకోలేక మాట రావడం లేదు. "బాబాయ్, మేనేజర్ ఇది బండా, పడవా అని అడుగుతున్నాడు! వెంటనే విప్పేయండి, పోలీసులు చూస్తే ఫైను వేస్తారు. రేపు నేనే వస్తాను. మీ పక్కన కూర్చుని చూస్తాను. అసలు మీరెందుకు గుద్దుతున్నారో తేలితేనే పని అవుతుంది."

మర్నాడు గిరిధర్ తన కొత్త స్కూటరు నూకన్న వాకిట్లో పెట్టి వేన్ ఎక్కాడు. వెనక సీట్లో కామమ్మ కూర్చుంది. రావద్దంటే వింటేగా! నూకన్న వండూర్ దాకా పెళ్ళికూతుర్ని తీసుకెళ్తున్నట్టు నడిపాడు. మలుపుల్లో హారను కొట్టాడు, ఆవులకి దారిచ్చాడు. వండూర్‌లో ఆపినచోట రోడ్డు కాస్త ఎత్తు, బండి తనంతట తనే నిలబడింది. తిరుగు ప్రయాణంలోనూ పొల్లు లేదు.

"ఫస్ట్ క్లాస్ బాబాయ్!" అన్నాడు గిరిధర్, ఇల్లు కనిపిస్తుంటే.

ఆ మెప్పుతో నూకన్న ఛాతీ ఉబ్బింది. ఇంటి దారి దిగుడు. ఎదురుగా వాకిలి, వాకిట్లో స్కూటరు. అలవాటుగా చెయ్యి తాళం మీదికి పోయింది. ఇంజను కట్టేశాడు. బండి చప్పుడు లేకుండా హాయిగా జారుకుంటూ, అచ్చం పడవ జెట్టీకి చేరినట్టే వెళ్ళి, గిరిధర్ స్కూటరుని టక్‌మని ముద్దెట్టుకుంది. స్కూటరు ఆలోచించి ఆలోచించి పక్కకి ఒరిగింది.

నూకన్న స్టీరింగు మీద తల వాల్చేశాడు. అయిపోయింది, ఇక ధనరాజు పడవే గతి అనుకున్నాడు.

గిరిధర్ స్కూటరు వైపు చూడలేదు. తాళం వైపు చూస్తున్నాడు. "బాబాయ్, ఆగకముందే ఇంజన్ ఎందుకు బంద్ చేశారు?"

"ఎందుకేటి? ఒడ్డు దగ్గరికొస్తే కట్టీమా? జెట్టీ దాకా ఇంజను కొట్టుకుని ఎవడొస్తాడు బాబూ!"

"రోజూ ఇలాగే చేస్తారా?"

"నాను పెట్రోలు ఆదా సేత్తన్నాడనుకున్నాను," అంది కామమ్మ వెనకనుంచి.

గిరిధర్ తల పట్టుకుని నవ్వాడు. "ఇంజన్ నడుస్తుంటేనే బ్రేకుకి బలం బాబాయ్. ఆపేసి నాలుగుసార్లు నొక్కితే పెడల్ బిగుసుకుపోతుంది. పడవైతే నీళ్ళు ఆపుతాయి. ఇక్కడ ఎవరు ఆపుతారు?"

"రాయిలాగయిపోతాది, నిజమే," అన్నాడు నూకన్న నెమ్మదిగా. "బండి పాతది గదా, బ్రేకులు ముసలివైపోయాయనుకున్నాను." ఎత్తు ఉన్నచోట ఎందుకు బతికిపోయాడో, దిగుడు ఉన్నచోటల్లా ఎందుకు గుద్దాడో ఇప్పుడు తెలిసింది. సిగ్గుతో ఆయన మొహం వండిన పీతలా ఎర్రబడింది.

కామమ్మ ఇచ్చిన టీ తాగుతూ గిరిధర్ ఒక దారి చెప్పాడు. "ఫుల్ ఇన్సూరెన్సే, కానీ దెబ్బ తగిలితే మొదట కొంత ఖర్చు మీది, ఆ పైన కంపెనీది. అలా ఒప్పుకుంటే ప్రీమియం బాగా దిగుతుంది. నిన్నటిదాకా మీకిది చెప్పలేదు. చెప్తే మీ కొంప ముంచినట్టే అయ్యేది, బంపర్లన్నీ మీ నెత్తినే పడేవి. ఇప్పుడు కారణం తెలిసింది కాబట్టి చెప్తున్నా. గుద్దకుండా ఉండగలరా?"

నూకన్న తన చేతి వైపు చూసుకున్నాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. పాతికేళ్ళ చెయ్యి, చెప్తే వింటుందా?

కామమ్మ గ్లాసు కింద పెట్టింది. "పడవలో ముందు నిలబడ్డోడు కేకెయ్యకుండా నువ్వెప్పుడైనా ఇంజను కట్టీనావా?"

"ఎలా కడతాను? ముందు మనిషి చెప్పందే ఇంజను మీద చెయ్యి ఎయ్యకూడదు. ఎంత మొనగాడైనా అంతే."

"మరి ఈ బండికి ముందు మనిషేడీ? అన్నీ నువ్వే సూసుకుంటన్నావు, అదే రోగం. రేపటినుంచి నాను ముందు కూకుంటాను. నాను 'లంగరు' అంటే హేండు బ్రేకు లాగాలి. అది పడ్డాకే తాళం. నా కేక పడకుండా తాళం ముట్టుకున్నావంటే సెయ్యి ఇరగ్గొడతాను!"

"పిన్నీ, మీ పేరు కూడా పాలసీలో రాయించనా?" అన్నాడు గిరిధర్. విరిగిన స్కూటరు అద్దానికి నూకన్న డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు, చేపల పులుసు తిని వెళ్ళాడు.

గిరిధర్ చెప్పిన పాలసీయే కట్టేసి, బడి తెరిచేదాకా మొగుడూ పెళ్ళాం తుష్నాబాద్ రోడ్డంతా సాధన చేశారు. కామమ్మ గొంతు చేపల బజారులో తయారైన గొంతు. ఆమె "లంగరూ!" అంటే కోళ్ళు కూడా ఆగిపోయేవి. మొదట్లో నూకన్న చెయ్యి తాళం మీదికి పోవడం, ఆమె దాని మీద ఠపీమని కొట్టడం. ఆ తర్వాత చెయ్యికే భయం పట్టుకుంది.

బడి తెరిచిన రోజు టీచర్లు ఎక్కారు. కమలాకుమారి ఫోన్లో పాలసీ చూసి తలూపి, ముందు సీట్లో కామమ్మని చూసి కళ్ళజోడు సర్దుకుంది. ఆస్టినాబాద్ బడి దారి కూడా దిగుడే. గేటు దగ్గర పడుతుండగా కామమ్మ కేక వేసింది. వాచ్‌మన్ ఎగిరిపడ్డాడు. బ్రేకు పడింది, హేండు బ్రేకు లేచింది, ఆ తర్వాతే ఇంజను ఆగింది. గేటుకీ బంపరుకీ మధ్య ఒక మనిషి బుట్టతో సహా దూరేంత చోటుంది. విషయం విన్న టీచర్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. సాయంత్రం తుష్నాబాద్‌లో దిగేటప్పుడు వెనక సీటంతా కలిసి "లంగరూ!" అని అరిచింది. కమలాకుమారి గొంతే అందరికన్నా పెద్దగా వినిపించింది.

ఆ సాయంత్రమే నూకన్న మంచం కిందికి దూరి, తుప్పు రాలుతున్న లంగరుని బయటికి లాగాడు. భుజాన వేసుకుని ధనరాజు ఇంటికెళ్ళి గుమ్మంలో దించాడు. "నీ పడవదే, తీసుకో. నాను రాను," అని చెప్పి వచ్చేశాడు. కామమ్మతో ఏమీ అనలేదు.

మర్నాడు పొద్దున్న కామమ్మ ఇల్లు ఊడుస్తోంది. మంచం కింద చీపురు ఈ గోడ నుంచి ఆ గోడదాకా దేనికీ తగలకుండా సాఫీగా పోయింది. ఆమె వంగి చూసింది. మళ్ళీ ఒకసారి ఊడ్చింది, ఊరికే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్కడే కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంటుంటే బయటనుంచి హారను మోగింది.

"ఓ ముందు మనిషీ! టీచర్లు ఎదురు సూత్తన్నారు, వచ్చీవే!" అని నూకన్న కేకేశాడు.