శ్రావ్యకు నేనిచ్చిన గొంతు

మెట్లు ఎక్కుతూనే ఉన్నాను. ఇవి మా సీరియల్లో హైమావతి ఇంటి మెట్లని తెలుస్తోంది, హాలు మధ్యనుంచి పైకి పోయే ఈ చెక్కమెట్లు నిజానికి పన్నెండే అనీ, పైన గదులేమీ లేవనీ, కోపమొచ్చిన హైమావతి విసవిసా ఎక్కి వెళ్ళిన ప్రతిసారీ చివరి మెట్టు మీద ప్లైవుడ్ గోడకేసి చూస్తూ డైరెక్టరు కట్ అనేదాకా నిలబడాల్సిందేననీ తెలుసు, అయినా నేను ఎక్కేకొద్దీ మెట్లు వస్తూనే ఉన్నాయి, కింద హాల్లో దీపాలు ఎవరో ఒక్కొక్కటే ఆర్పేస్తున్నట్టు చీకటి నా మడమల దాకా వస్తోంది. నాకీ ఇంట్లో పనిలేదు. నేను నటిని కాను, డబ్బింగ్ చెప్పేదాన్ని. హైమావతిగా వేసే శ్రావ్య పెదవులు కదిపితే, ఆ పెదవుల మీదికి మాట అందించేది నేను. ఆరేళ్ళుగా ఆమె మొహమూ నా గొంతూ కలిస్తేనే హైమావతి.

పై మెట్టు మీద ఎవరో ఇటు వీపు పెట్టి కూర్చున్నారు. చిలకాకుపచ్చ పట్టుచీర, జడలో కనకాంబరాలు, ఆఖరి షెడ్యూల్లో కట్టిన చీరే అది. శ్రావ్య పోయి పదకొండు రోజులైందని నాకు గుర్తుంది, డెంగీని మామూలు జ్వరమనుకుని మాత్రలు మింగుతూ మూడు రోజులు షూటింగ్ చేసిందని, నాలుగో రోజు మేకప్ గదిలో పడిపోయిందని, ఇరవై ఎనిమిదేళ్ళేనని, అన్నీ గుర్తున్నాయి, గుర్తున్నందుకే ఆ మనిషి ఇటు తిరగకూడదని లోపల మొక్కుకుంటున్నాను.

"వచ్చావా ఇందక్కా," అంటుంది ఆమె, తిరక్కుండానే.

ఆ మాట వచ్చింది నా గొంతుతో, మైకు ముందు హైమావతి కోసం కాస్త సన్నం చేసి, కాస్త తడి చేర్చి పలికే నా గొంతుతో. శ్రావ్య అసలు గొంతు అది కాదు. ఆమెది కొంచెం బొంగురు, ఛాతీలోంచి మెల్లగా లేచి వచ్చే గొంతు. "శ్రావ్యా," అని పిలుస్తాను, ఆ పిలుపు బొంగురుగా, కన్నడ యాసతో బయటికొస్తుంది, చేత్తో నోరు మూసుకుంటాను, వేళ్ళ సందుల్లోంచి కూడా ఆమె గొంతే వినిపిస్తోంది.

"కంగారెందుకక్కా. కాసేపు మార్చుకున్నాం, అంతే," అంటూ ఇటు తిరుగుతుంది. మొహం ఆమెదే, బొట్టు కూడా చెదరలేదు, కానీ మాట ముందు వస్తోంది, పెదవులు తర్వాత కదులుతున్నాయి. స్టూడియోలో అలా తప్పితే ఆపేసి మళ్ళీ మొదలుపెడతాం. ఇక్కడ ఆపే మీట ఎక్కడుందో నాకు తెలియదు.

"నా పేరు చెప్పు."

"శ్రావ్య."

"అది ఛానెల్ వాళ్ళు పెట్టింది."

"శరావతి," అంటాను. అది వాళ్ళ ఊరి వైపు పారే నది పేరు. ఆ పేరు నోట పడగానే పైమెట్టు నుంచి సన్నగా నీళ్ళు జారడం మొదలవుతుంది, చెక్క నల్లబడుతుంది, నా పాదాలు తడుస్తున్నాయి.

కర్ణాటకలో సాగర అనే ఊళ్ళో బస్సు కండక్టరు కూతురు ఆమె. ఊళ్ళో కేబుల్ ఛానెల్లో పుట్టినరోజు శుభాకాంక్షలు చదివేదట, ఆ తర్వాత కన్నడ సీరియళ్ళలో ఒకదాంట్లో చెల్లెలు, ఇంకోదాంట్లో పనిమనిషి, ఇరవై రెండేళ్ళప్పుడు ఒక పెట్టె పట్టుకుని హైదరాబాద్ వచ్చింది. శరావతి అంటే జనానికి నోరు తిరగదని శ్రావ్య అన్నారు. వినసొంపైనదని అర్థం. తన గొంతు ఎవరికీ వినిపించని అమ్మాయికి ఆ పేరు పెట్టారని అప్పట్లో నేనే నవ్వాను. మొదట్లో డైలాగులు కన్నడ అక్షరాల్లో రాసిస్తే బట్టీ పట్టేది, అర్థం తెలియకపోయినా ఏడవాల్సిన చోట కళ్ళు వాటంతటవే నిండేవి. ఏడాది తిరిగేసరికి రాష్ట్రంలో ఆడవాళ్ళు ఆమె కట్టిన చీర చూపించి అలాంటిదే కావాలని కొట్లలో అడిగేవాళ్ళు.

"ఖమ్మం గుర్తుందా?" అని ఆమె అడుగుతుంది, మెట్లు లేవు, మేమిద్దరం బట్టల కొట్టు ముందు వేదిక మీద ఉన్నాం, కింద జనం ఉన్నారు కానీ వాళ్ళకి మొహాలు లేవు, పైకెత్తిన ఫోన్లున్నాయి. నేను ఆ రోజు ఖమ్మం వెళ్ళలేదు, ఆమె చెబితే విన్నానంతే, అయినా ఇప్పుడు ఆమె పక్కన నిలబడి ఉన్నాను. హైమ డైలాగు చెప్పమని అరుస్తున్నారు. చెప్పమన్నట్టు ఆమె నా వైపు చూస్తుంది. నేను నోరు విప్పుతాను, బొంగురు గొంతు మైకులో గరగరమంటుంది, జనంలోంచి ఈలలు, నవ్వులు, ముందు వరసలోంచి ఒకామె గొంతు మాత్రం నింపాదిగా వస్తుంది. "ఈమె హైమ కాదు. ఎవర్నో పట్టుకొచ్చిన్రు."

"అట్లానే అంది," అంటుంది శ్రావ్య. "ఆ రాత్రే నీకు ఫోన్ చేశాను, నాకు తెలుగు నేర్పమని."

ఆ తర్వాత మేమెక్కడ నడుస్తున్నామో తెలియదు. గోడలు ఒకసారి స్పాంజి అంటించిన స్టూడియో గోడల్లా, ఒకసారి సున్నం వేసిన గోడల్లా ఉన్నాయి, నీళ్ళు చీలమండలు దాటాయి, మందుల వాసన వస్తోంది. ఇనప కుర్చీలో గిరిజమ్మ గారు తలవంచుకుని కూర్చున్నారు. శ్రావ్య వాళ్ళమ్మ. నేను వెనక్కి తిరుగుతాను, ఎటు తిరిగినా ఆ కుర్చీ నా ఎదుటే ఉంటోంది.

"అమ్మ నిన్ను మాట్లాడమంది కదా. ఎందుకు పారిపోయావు?"

నిజమే, పారిపోయాను. పదకొండు రోజుల కిందట ఆస్పత్రికి వెళ్ళి, శ్రావ్య వాళ్ళ అమ్మగారు ఎక్కడున్నారండీ అని నర్సుని అడుగుతున్నాను, ఆ మాటకే కుర్చీలోంచి ఒక పెద్దావిడ ఉలిక్కిపడి లేచింది. పరుగున వచ్చి నా గడ్డం రెండు చేతులతో పట్టుకుంది. "మాతాడమ్మా, మాతాడు," అంది కన్నడంలో. ఆవిడకి తెలుగు రాదు, అయినా రోజూ సాయంత్రం సాగరలో కూర్చుని మా సీరియల్ చూసేది. ఆవిడ కూతురికి రెండు గొంతులు, ఫోన్లో ఒకటి, టీవీలో ఒకటి. ఫోన్లోది ఆ పొద్దున్నే ఆగిపోయింది. రెండోది ఎదురుగా వచ్చి నిలబడింది. నేను ఒక్క మాట మాట్లాడలేదు, ఆ చేతులు విడిపించుకుని గబగబా మెట్లు దిగి వచ్చేశాను.

"భయమేసింది శ్రావ్యా."

"దేనికి?"

"ఆ గొంతు నాది కాదనిపించింది. దొంగతనంగా తెచ్చుకుని వాడుకుంటున్నట్టు."

"ఎప్పుడు దొంగిలించావు?" అని అడుగుతుంది ఆమె, చాలా నెమ్మదిగా, లెక్కలు చెప్పించే టీచరమ్మలా, పెదవులు కదలకముందే.

కుర్చీలో ఇప్పుడు గిరిజమ్మ గారు లేరు, మా డైరెక్టరు దయాకర్ గారు ఉన్నారు, స్క్రిప్టు కాగితాల్లోంచి తలెత్తకుండా ఆయన ఏం అడగబోతున్నారో నాకు తెలుసు. రెండేళ్ళ కిందటి రోజు ఇది. వద్దండీ, అడగకండి అనాలని ఉంది, నా నాలుక మందంగా, ఇంకొకరి నాలుకలా నోట్లో పడి ఉంది.

"ఇందుమతి గారూ, రోజూ వింటున్నారు కదా. ఆ పిల్ల డబ్బింగ్ తనే చెప్పుకుంటానంటోంది. చెప్పుకోగలదంటారా?"

జవాబు నా పక్కనుంచి వస్తుంది. శ్రావ్య చెబుతోంది, నా గొంతుతో, ఆ రోజు నేను నవ్విన ఆ చిన్న నవ్వుతో సహా. "అప్పుడే ఎక్కడండీ. ఇంకో ఏడాదైనా పట్టుద్ది. ఆ చ ఇంకా పలకట్లేదు."

దయాకర్ గారు తల ఊపి కాగితాల్లోకి వంగుతారు, కాగితాలు తడిసి ఉన్నాయి, అక్షరాలు కారుతున్నాయి, ఆయన మోకాళ్ళ దాకా నీళ్ళున్నా ఆయనకి తెలియడం లేదు.

"ఆ పొద్దున నేను సరిగ్గానే పలికాను కదా అక్కా."

"పలికావు."

తెలుగులో చాలు, చాప, జాలి అన్నప్పుడు నాలుక పళ్ళకి తగలాలి. కన్నడంలో ఆ ధ్వని లేదు. ఎనిమిది నెలలు దానికోసమే కుస్తీ పట్టింది, కారవాన్‌లో, కార్లో, పళ్ళు తోముకుంటూ కూడా. ఆ పొద్దున స్టూడియో వాకిట్లో ఇడ్లీ తింటూ, "చాలక్కా, చట్నీ చాలు," అంది. గుంటూరు పిల్ల అన్నట్టే ఉంది. తనే గమనించుకుని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టుకుంది. గంట తర్వాత నేను దయాకర్ గారి గదిలోకి వెళ్ళాను.

"నీకు వినపడలేదేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ."

"వినపడింది. నువ్వు మొదలెడితే నేనింక డబ్బింగ్ గదిలోకి రాకూడదు కదా. నాకు నలభై తొమ్మిది. కొత్తవాటికి చిన్నపిల్లల గొంతులే అడుగుతున్నారు. హైమావతి తప్ప నాకింకేం మిగల్లేదమ్మా. అందుకని అన్నాను."

ఆమె కోప్పడుతుందని చూస్తాను. కోప్పడితే బాగుండు. ఆమె మెల్లగా తల వంచి జుట్టు పక్కకి తీస్తుంది. నడినెత్తిన నా అరచెయ్యంత మేర వెంట్రుకలు తెల్లబడి, మంచు పట్టినట్టు ఉన్నాయి, ఐదు వేళ్ళూ స్పష్టంగా తెలుస్తున్నాయి.

"దయాకర్ గారు ఏమన్నారక్కా అని నేను అడిగితే, ఇక్కడ చెయ్యి పెట్టి, ఆయన ఒప్పుకోవట్లేదురా, నేను గట్టిగానే చెప్పాను అన్నావు. ఆ చెయ్యి నువ్వు మళ్ళీ తియ్యలేదు."

"నన్ను క్షమించు," అంటాను. బొంగురు గొంతు నీళ్ళ మీద తేలుతూ పోయి గోడకి తగిలి వెనక్కి వస్తుంది.

"నా గొంతుతోనే నన్ను అడుగుతున్నావు. అడిగింది నువ్వేనని నాకెట్లా తెలుస్తుంది?"

నీళ్ళు నడుము దాటి పైకి వస్తున్నాయి, దయాకర్ గారు లేరు, కుర్చీ లేదు, హైమావతి ఇంటి గుమ్మం ఒక్కటే నీళ్ళలోంచి లేచి నిలబడి ఉంది, దానికి అటూ ఇటూ గోడల్లేవు. శ్రావ్య గడప మీద నిలబడి నావైపు చెయ్యి చాపుతుంది.

"ఇవాళ ఏం సీను?"

"ఇదే. నీది ఇదే ఆఖరు. అత్తగారితో చెప్పి పుట్టింటికి బయల్దేరతావు. రేపట్నుంచి వేరే అమ్మాయి వస్తుంది."

"ఏం అంటాను?"

"తలుపేసుకోండి అత్తయ్యా, నేను వెళ్ళొస్తాను."

"అది నేను చెప్పుకుంటాను. ఆ ఒక్కటి నాకు వదిలెయ్యి."

"చెప్పుకో," అంటాను, ఎంత త్వరగా చెబితే అంత త్వరగా ఈ నీళ్ళు దిగుతాయన్న ఆశతో, ఆ ఆశకి నాకే సిగ్గేస్తూ. ఆమె దగ్గరికి వస్తుంది, నీళ్ళు నా గొంతు దాకా వచ్చాయి, చెంప నా చెంపకి ఆనేంత దగ్గరగా వంగి నోరు నా చెవి దగ్గర పెడుతుంది, మాట కోసం నేను కళ్ళు మూసుకుంటాను. మాట రాదు. మాటకి ముందు లోపలికి తీసుకునే ఊపిరి వినిపిస్తుంది, జ్వరంతో ఎండిన పెదవుల మధ్యనుంచి గీసుకుంటూ పోయే ఊపిరి, అంతే. మళ్ళీ ఊపిరి. మాట రాదు. చెప్పమ్మా, చెప్పు, నేనేం అడ్డురాను అని అరుస్తాను, ఈసారి నాకు ఏ గొంతూ లేదు. మళ్ళీ అదే ఊపిరి, మళ్ళీ అదే, మళ్ళీ.

కళ్ళు తెరుస్తాను. డబ్బింగ్ గదిలో స్టూలు మీద, స్పాంజి గోడకి తల ఆనించి ఉన్నాను, మెడ పట్టేసింది, బ్లౌజు చెమటకి తడిసిపోయింది, గోడ గడియారంలో మధ్యాహ్నం నాలుగు కావస్తోంది. ఊపిరి ఆగలేదు. చెవులకి హెడ్‌ఫోన్లు అలాగే ఉన్నాయి. సౌండ్ ఇంజనీరు మోజెస్ టీకి వెళ్తూ సీను తిరుగుతూ ఉండగానే వదిలేసి వెళ్ళినట్టున్నాడు, తెర మీద చిలకాకుపచ్చ చీరలో శ్రావ్య గుమ్మంలో నిలబడి, నోరు తెరిచి, ఊపిరి తీసుకుని, మాట అనేలోపు మళ్ళీ మొదటికి వస్తోంది. సెట్ మీద ఆమె అన్న మాటని నా కోసం కత్తిరించేశాడు, దాని ముందున్న ఊపిరి మిగిలిపోయింది.

తలుపు తోసుకుని మోజెస్ వస్తాడు, రెండు టీ కప్పులతో. "నిద్ర పట్టేసిందని లేపలేదు మేడం. ఆ ఊపిరొకటి ఉండిపోయింది, తీసేస్తా. మీ ఊపిరి ఇచ్చి మాట చెప్పేయండి."

"తియ్యకు మోజెస్."

"మీ గొంతుకి అతకదు మేడం. రెండూ వేరని తెలిసిపోద్ది."

"తెలియనియ్యి."

అతను నా మొహంలోకి ఒకసారి చూసి, కప్పు కింద పెట్టి, అద్దం అవతలికి వెళ్ళి మీట నొక్కుతాడు. నేను లేచి మైకు దగ్గరికి వెళ్తాను. గుమ్మంలో శ్రావ్య నోరు తెరుస్తుంది. ఆమె ఊపిరిని ముందు పోనిచ్చి, నాలోంచి ఏ గొంతు వస్తుందో తెలియని భయంతోనే పెదవులు విప్పుతాను.