ఎద్దు నొసటి సింహాలు

ఆదిలాబాద్ పత్తి మిల్లులో గుమాస్తా లక్ష్మీరాజాన్ని అందరూ టోపీల రాజం అనేవాళ్లు. నిజానికి ఆయన దగ్గర ఒక్క టోపీ కూడా లేదు. ఉన్నవన్నీ పాతకాలపు జర్మనీ సిపాయిల టోపీల ముందుండే ఇత్తడి బిళ్లలు. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో తుక్కు కుప్పలు కెలికి, పండగ బట్టలు మానుకుని మరీ కొనేవాడు. చూపిస్తానంటే చాలు, చుట్టాలకు ఎక్కడలేని పనులూ గుర్తొచ్చేవి. మఖమల్ గుడ్డ పరిచిన పెట్టెలో డేగ బిళ్ల పక్కన ఒక గూడు ఖాళీ. అక్కడ ఉండాల్సింది చెరోవైపు సింహం నిలబడ్డ, జర్మనీలోని బవేరియా పటాలం బిళ్ల. దానికోసం పదేళ్లుగా వెతుకుతున్నాడు.

1957లో, ఎద్దులను అలంకరించి ఊరేగించే పొలాల పండగనాడు, మిల్లు పనిమీద ఒక పల్లెకు వెళ్తే, అది కనిపించింది. ఎద్దు నొసట.

ఎద్దు సక్కుబాయిది. మొదటి జర్మనీ లడాయికి పోయిన మొగుడు తెచ్చిన బిళ్ల అట. ఆ సింహాలను చూస్తే పులి దగ్గరికి రాదని ఆమె నమ్మకం. సాక్ష్యమూ ఉంది మరి: నిరుడు మేతకు పోయిన జతలో పులి కొట్టింది బిళ్ల లేని ఎద్దునే. దాని చోట ఇప్పుడొక కొత్త కోడె ఉంది.

రాజం బతిమాలాడు. బదులుగా గంటల పట్టెడ తెస్తానన్నాడు. చివరికి అది శత్రువుల వస్తువు, అరిష్టమని కూడా అనేసి నాలుక కొరుక్కున్నాడు. సక్కుబాయికి కోపం రాలేదు.

“ఉన్నది ఒక్క బిళ్ల, ఎద్దులు రెండు. గా కోడెకేమైతదో అని నాకు ఒక్కటే ఫికర్. నీ తాన ఇంకోటుంటె నువ్వే ఇయ్యరాదు బిడ్డా?”

లేదని అబద్ధమాడి బండెక్కాడు. ఇన్నేళ్లలో తన పెట్టెలోది కావాలన్న మొదటి మనిషి ఆమె. ఆ మాట ఏడాదంతా ఆయన్ని కుదురుగా ఉండనివ్వలేదు. పెట్టె తెరిస్తే ఖాళీ గూడు కాదు, బోసి నొసటి కోడె గుర్తొచ్చేది.

మరుసటి పొలాల పండగకు, అన్నాళ్లూ ఎవరినీ తాకనివ్వని డేగ బిళ్లను పెళ్లాం చేతికిచ్చి చింతపండుతో తోమించాడు. తోలుపట్టీకి కుట్టించి పట్టుకెళ్లాడు. సక్కుబాయి అటూ ఇటూ తిప్పి చూసి, ఇది సింహం కాదు కదా అంది. రాజం బిళ్ల మీది రెక్కలు చూపించాడు.

“డేగ, అవ్వా. పులి ఏడున్నదో పైకెల్లి ముందుగాల్నే సూస్తది.”

ఆమెతో ఆయన ఆడిన రెండో అబద్ధం అది. దీనికి మాత్రం సిగ్గుపడలేదు.

సక్కుబాయి డేగను కోడె నొసట కట్టి, పగ్గం ఆయన చేతికే ఇచ్చింది. డప్పులు మోగుతుంటే, పెట్టెలో పక్కపక్కన చూడాలని పదేళ్లు కలగన్న రెండు బిళ్లలూ రెండు ఎద్దుల నొసళ్ల మీద పక్కపక్కనే, పండగకు ఊరి ముందు కట్టిన తోరణం దాటాయి. ఆ పిట్ట కథేమిటని ఎవరో ముసలాయన అడిగాడు. రాజానికి కళ్లు చెమర్చాయి. చుట్టూ జనం చేరుతుంటే, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.