పదకొండో రాకెట్ ఎవరిది

ఏ ఉపగ్రహం ఏ రాకెట్ ఎక్కాలో తేల్చే బోర్డు ఆయన చేతిలో ఉండేది. గోడ నిండా కొక్కేలు, ఒక్కో కొక్కేనికి రాకెట్ అంకె రాసిన రేకు బిళ్ల, బిళ్ల ముఖాన ఉపగ్రహం పేరు చీటీ. కంప్యూటర్లు వచ్చి పదేళ్లయినా అందరూ ముందు ఆ గోడనే చూసేవారు. ఆయన్ని బోర్డు తాత అనేవారు, వెనకాల. ఎదురుగా అనే దమ్ము ఎవరికీ లేదు.

ఆ ఉదయం అమ్మకాల విభాగంలో పనిచేసే బావమరిది వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"బావా, పదకొండు ఖాళీయే కదా?"

"కాదు."

"బిళ్ల బోర్లా ఉందిగా! మీద ఏ పేరూ లేదు. అది చూసే నిన్న టీవీ చానళ్ల కంపెనీకి మాటిచ్చేశాను. ఉత్తరం కూడా పోయింది."

"ఇంజను పరీక్షకు పోతే బోర్లా పెడతాను. ఖాళీ అయితే బిళ్లే ఉండదు."

పదకొండు ఎక్కాల్సింది వాతావరణం చూసే చిన్న ఉపగ్రహం. అయిదుగురు కలిసి పెట్టుకున్న కంపెనీ వాళ్లది. నెలాఖరులోగా అది పైకి పోకపోతే రేడియో తరంగాల అనుమతి రద్దవుతుంది. ఇక ఉపగ్రహం ఉన్నా లేనట్టే. టీవీ వాళ్లు ఆరు వారాలు ఆగితే మునిగేదేమీ లేదు. ఆ మాట చెప్పడానికే బావమరిదికి నోరు రావడం లేదు.

"చిన్నవాళ్లు బావా, సర్దుకుంటారు. చీటీ మార్చెయ్. లేకపోతే నా ఉద్యోగం ఊడుతుంది."

"మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు."

"అక్క ఉంటే నన్నిలా నిలబెట్టేదా?"

"మీ అక్క నిన్ను వెనకేసుకొచ్చే ఇలా తయారు చేసింది. కూర్చో."

పోయేముందు ఆమె ఆసుపత్రిలో ఉన్న మూడు వారాల్లో వీడు ఒక్కసారే వచ్చాడు. ఆయన మరిచిపోలేదు. మరిచే ఉద్దేశమూ లేదు.

ఈ పొరపాటు మీద పైవాళ్లకు పంపే నివేదిక కాగితం తీసి, 'అమ్మకాల విభాగం అజాగ్రత్త' అని రాయబోయి ఆగాడు. బోర్లా బిళ్లకు అర్థమేమిటో ఏ కాగితం మీదా లేదు. ఇరవై రెండేళ్లుగా ఆయన బుర్రలోనే ఉంది. కొత్తగా వచ్చిన వాళ్లందరికీ నోటితోనే చెప్పాడు. వీడు అమ్మకాల విభాగానికి వచ్చేనాటికి ఇద్దరి మధ్యా మాటలు లేవు.

'అతను అడగలేదు. నేను చెప్పలేదు. పదకొండు మారదు' అని రాసి సంతకం పెట్టాడు.

బావమరిది చదివాడు. "అంటే నన్ను క్షమించినట్టేనా?"

"లేదు. జరిగింది రాశాను." ఫోను వాడి ముందుకు జరిపాడు. "పదమూడు ఇస్తామని చెప్పు. ఆరు వారాలు. అబద్ధమాడావో, పక్కనే ఉన్నాను."

వాడు నంబరు నొక్కాడు. "నమస్కారమండీ... నిన్న నేను చెప్పింది తప్పు."

అవతలి అరుపులు గదంతా వినిపించాయి. వాడి చెవులు ఎర్రబడ్డాయి. చాలాసేపటికి అవతలి గొంతు తగ్గింది. పదమూడైనా ఖాయమేనా అని అడిగింది.

వాడు ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి ఆయనవైపు చూశాడు. ఆయన తల ఊపాడు.

"ఖాయమండీ," అన్నాడు వాడు.