పదికి జత

"పిల్లకి పేకాట నేర్పే తల్లిని నిన్నే చూశాను," అన్న అత్తగారి మాట విననట్టే ఊరుకుని, ఆమె బఠానీల గిన్నె తీసుకుని ముందు గదిలోకి వచ్చింది. ఆమె అనుమానమంతా భర్త మీద.

పేకలో బొమ్మలూ పదులూ తీసేసి, ఒక ముక్కను ఎవరూ చూడకుండా దాచి, మిగతావి ఒక్కొక్కటే తిప్పుతూ పదికి జతలు కట్టే ఆట కూతురికి తనే నేర్పింది. చివరికి జత లేక మిగిలిన ముక్కను బట్టి, దాచిందేదో ముందు చెప్పినవాళ్లది గెలుపు. బడిలో లెక్కలంటే బిక్కచచ్చిపోయే పిల్ల ఈ ఆటలో తల్లి నోరు తెరిచేలోపే జవాబు చెప్పేస్తోంది. అలాంటిది తండ్రితో ఒక్కసారీ గెలవదేం? ఆఫీసులో పక్కవాడి పనిని తన పనిగా చెప్పుకునే మనిషి, దాచిన ముక్కను తొంగి చూడడని ఏమిటి నమ్మకం?

అందుకే ఆయన వెనకాలే కూర్చుని బఠానీలు ఒలుస్తూ కనిపెట్టి చూసింది. పాపం, ఆయన తొంగి చూడలేదు. చివరికి బల్ల మీద మూడు మిగిలింది. పిల్ల చూపు దాని మీద ఇలా వాలి అలా లేచింది. నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, "ఆరు," అంది.

"మూడూ ఆరూ పదెలా అవుతాయే మొద్దూ? ఏడు. అచ్చం మీ అమ్మ బుర్రే వచ్చింది," అని ఆయన మురిసిపోయారు.

ఆమె కూతుర్ని వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"నీకు తెలుసు కదూ?"

"తెలుసు."

"మరి?"

"ఓడిపోతే నాన్న అన్నం మానేసి పడుకుంటారు. నువ్వు కంచం పట్టుకుని బతిమాలాలి." పిల్ల గొంతు తగ్గించింది. "నువ్వూ అంతేగా. మొన్న కారులో నాన్న దారి తప్పితే, తెలిసి కూడా చెప్పలేదు."

ఆమెకి తల కొట్టేసినట్టయింది. సంసారాన్ని గుట్టుగా నెట్టుకొస్తున్నానని, ఎవరినీ నొప్పించని మనిషినని ఇన్నేళ్లూ తనను తాను మెచ్చుకుంది. ఆ పేరు కోసం తెలిసిన జవాబును ఎన్నిసార్లు మింగిందో పక్కనే కూర్చుని ఒకరు చూస్తున్నారని తోచనే లేదు. ఇలాగే ఇంకొన్నాళ్లు పోతే ఈ పిల్లకి నిజంగానే ఏమీ తెలియకుండా పోతుంది. ఆమెకి సిగ్గేసింది, అంతకంటే ఎక్కువగా భయమేసింది.

బయటికొచ్చి భర్త ఎదురుగా కూర్చుంది. "ఈసారి నాతో ఆడండి."

"నీతోనా?" అని నవ్వుతూనే ఆయన ముక్కలు కలిపారు. చివరికి నాలుగు మిగిలింది. ఆయన వేళ్లు మడుస్తుండగానే, "ఆరు," అంది ఆమె. పట్టుబట్టి ఆయనే మళ్లీ కలిపారు. మళ్లీ ఆమే చెప్పింది.

"నాకు ఆకలిగా లేదు," అంటూ ఆయన విసురుగా గదిలోకి వెళ్లారు.

"కంచం పట్టుకెళ్లమ్మా," అన్నారు అత్తగారు.

"ఆకలేస్తే ఆయనే వస్తారులెండి అత్తయ్యా," అని ఆమె ముక్కలు కలిపి కూతురి ముందు పెట్టింది.

పిల్ల గది తలుపు వైపు చూసింది, తల్లి మొహంలోకి చూసింది, ఆడింది. చివరికి రెండు మిగిలింది.

"ఎనిమిది," అంది పిల్ల, గదిలోకి వినబడేంత గట్టిగా.