అరగంట మామ తుండుగుడ్డ

ఇలా దగ్గరికి జరుగు, ఆ ఫ్యాను చప్పుడులో నా మాట నీకు వినపడదు. మా తమ్ముడి సంగతి చెబుతాను.

ఒక రోజు పొద్దున తొమ్మిదే అయినా వాడి కార్ల రిపేరు షెడ్డు రేకులు పెనంలా కాలుతున్నాయి. వాడు ఒక కారు బానెట్ ఎత్తి, రేడియేటర్ పైగొట్టాన్ని వేలికొసతో తాకి చూసి, మూడుకాళ్ళ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మూత తిప్పి నీళ్ళు పోసెయ్ మామా, రెండు నిమిషాల పని," అన్నాడు కారాయన.

"అరగంట."

"ఇంజనుకి జ్వరమా, పత్యం పెడుతున్నావా?"

"దానికి జ్వరమే. అది నీ మొహానికి ఎక్కకూడదనే కూర్చోబెట్టా."

ముప్పై ఏళ్ళుగా అదే మాట. అందుకే అందరూ వాణ్ణి అరగంట మామ అనేవారు. ఎడమ చెంప నుంచి భుజం దాకా వాడి చర్మం నలిగిన కాగితంలా ఉండేది. వాడికి పాతికేళ్ళప్పుడు, ఇలాంటి ఎండలోనే, ఇంజను వేడి మీదుండగానే మూత తిప్పాడు. లోపల ఉడుకుతున్న నీళ్ళు ఒక్కసారిగా ఎగజిమ్మాయి. వాడి పెళ్ళి ఫోటో చూడు, కుడివైపు మొహమే కనపడుతుంది.

ఆ రోజు మాత్రం వాడి కాళ్ళు నేల మీద లేవు. కూతురికి డ్రైవరుగా ఉద్యోగం వచ్చింది. పన్నెండింటికల్లా సొంత కారుతో ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉండాలి, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. గంటన్నర దారి. ఆ కారేమో తండ్రీకూతుళ్ళు రెండేళ్ళు కూర్చుని తుక్కులోంచి లేపినది. వచ్చినవాళ్ళందరికీ వాడు దాని హారన్ మోగించి మరీ వినిపించాడు.

పావు తక్కువ పదికి, ఒక చుట్టు తిప్పి చూస్తానని వెళ్ళిన పిల్ల తిరిగొచ్చింది.

"వేడిముల్లు ఎర్రగీత దాకా వెళ్ళింది నాన్నా. షెడ్డు ముందే బండి ఆపేశా."

వాడు స్టూలు తన్నుకుంటూ లేచాడు. బానెట్ ఎత్తగానే సెగ మొహాన కొట్టింది. గోడ గడియారం చూశాడు. భుజం మీది తుండుగుడ్డ తీసి, మూత మీద వేసి, గట్టిగా పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళలో ఒక్కరినీ చెయ్యనివ్వని పని అది.

కూతురు వాడి మణికట్టు పట్టేసుకుంది.

"అరగంట, నాన్నా."

"ఉద్యోగం పోతుందే తల్లీ."

"పోతే పోనీ. నీ కుడివైపు మొహమైనా నాకు మిగలనీ."

కారాయన నవ్వబోయి ఆపుకున్నాడు. వాడు మెల్లగా చెయ్యి తీశాడు. పిల్ల స్టూలు నిలబెట్టి వాణ్ణి కూర్చోబెట్టింది. ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళకి పంచిన అరగంట ఎంత పొడుగో వాడికి ఆ రోజే తెలిసింది. గడియారం వంక, గొట్టం వంక, కూతురి వంక చూస్తూనే ఉన్నాడు. కారాయన తన తొందర మరిచిపోయి, "ఇంకో పది," "ఇంకో అయిదు," అని నిమిషాలు లెక్కపెట్టాడు.

గొట్టం చల్లబడింది. పిల్ల మూత మీద అదే తుండుగుడ్డ వేసి కొద్దిగా తిప్పి ఆగింది. బుస్సుమని మిగిలిన గాలి పోయాకే పూర్తిగా తీసింది. కింది గొట్టం క్లిప్పు వదులై ఇంజను చల్లార్చే కూలెంట్ కారిపోయిందని కనిపెట్టి, స్క్రూడ్రైవర్‌తో తనే బిగించింది. రేడియేటర్ నింపి, పక్క డబ్బాలో గీత దాకా పోసింది. తాళం తిప్పగానే ఇంజను పాట అందుకుంది. ముల్లు మధ్యలోనే నిలిచింది.

"మధ్యలోనే ఉంది, మధ్యలోనే ఉంది," అని వాడు నాలుగుసార్లు అన్నాడు.

"వెళ్ళొస్తా నాన్నా."

"దారిలో వేడెక్కితే ఆపు. గేటు ఎక్కడికీ పోదు."

కారు మలుపు తిరిగింది. వాడు ఇంకో బానెట్ ఎత్తలేదు. పన్నెండుకి మూడు నిమిషాలుండగా ఫోన్ మోగింది. "గేటు దగ్గరున్నా," అంది పిల్ల. వాడు ఆ మాట వినమని ఫోన్ కారాయన చేతిలో పెట్టేశాడు.

ఇది గుర్తుపెట్టుకో. రేపు నీ ఎదుట ఎవరైనా వేడి కారు మూత మీద చెయ్యి వేస్తే, ఆపి కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పు. చెప్పేటప్పుడు ఆ తుండుగుడ్డని వదిలెయ్యకు: పిల్ల వెళ్ళిపోయాక అది స్టూలు మీదే ఉండిపోయింది, నడిమధ్య మూతంత గుండ్రంగా తడి అచ్చుతో.