దేవుడమ్మ నింపిన సీసా

యాజులు అనే ఆ ఆఫీసరంటే నాకు ఒళ్ళు మంట. ఇప్పటికీ అంతే.

ఎనభై ఆరులో మా చెరుకు తోట పక్క బంజరులో రంగుల ఫ్యాక్టరీ వాళ్ళు వ్యర్థాల డ్రమ్ములు పాతిపెట్టారు. ఏడాది తిరక్కుండా మా నూతి నీళ్ళు పచ్చబడి కిరసనాయిలు కంపు కొట్టాయి. చూలు గేదె ఈచుకుపోయి దూడ దక్కలేదు. వాళ్ళేమో ఇంకో నలభై లారీలు దించుతామని కూచున్నారు. చెప్పులరిగేలా నర్సీపట్నం ఆఫీసుల చుట్టూ తిరిగితే, చివరికి నీళ్ళు పరీక్ష చేయడానికి విశాఖ నుంచి యాజులు దిగాడు. నీళ్ళు చెడ్డవని అతను రాస్తే డ్రమ్ములు తవ్వి తీసుకుపోవాలి. మంచివని రాస్తే మా కొంప మునిగినట్టే.

అతనొచ్చేసరికి నేను బంజరులో ఫ్యాక్టరీ మేనేజరుతో గొడవపడుతున్నాను. దొరగారు పొలంలో బురదని చెప్పి మా అరుగు దిగలేదట. మా అమ్మ దేవుడమ్మ చేతికి సీసా ఇచ్చి, "నింపి తేవమ్మా" అన్నాడట. ఆవిడ తెచ్చిన సీసాకి సీలు వేసి, చీటీ మీద ఆవిడ వేలిముద్ర వేయించుకుని జీపెక్కాడు.

నెలకి రిపోర్టు వచ్చింది. నీరు తాగుటకు యోగ్యమట!

నర్సీపట్నం ట్రావెలర్స్ బంగళాలో యాజులు భోజనం దగ్గర దొరికాడు. పదిమందిలో కడిగేశాను.

"ఫ్యాక్టరీవోడు ఏటి పెట్టినాడు నీకు? ఎంత గడ్డి తిన్నావు?"

అతను తాపీగా చెయ్యి కడుక్కుని ఆ చీటీ నా మొహాన పెట్టాడు. "ఈ ముద్ర మీ అమ్మదేనా? సీసా ఆవిడే నింపింది. వెళ్ళి ఆవిణ్ణడుగు."

ఇంటికొచ్చి అరిచాను. అమ్మ బిత్తరపోయింది.

"దారిలో తాగడానికేమో అనుకున్నాన్రా. గుమ్మంలోకొచ్చినోడికి ఆ కంపు నీల్లిస్తానేటి? ఊరవతల సింగన్న నూతికెల్లి మంచినీల్లు తోడుకొచ్చి, గలాసుకీ సీసాకీ అవే పోసినాను."

"మరి ముద్రెందుకేసినావు?"

"గవర్నమెంటోల్లకి మంచినీల్లిచ్చినా ముద్దర కావాలేమో అనుకున్నాను."

"నీ మర్యాద మండిపోనూ!" అన్నాను కన్నతల్లిని. ఆ కోపంలో అన్నాను, ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు అదే బంగళాకి వెళ్ళి, తిట్టిన నోటితోనే బతిమాలాను. మళ్ళీ నీళ్ళు తియ్యమన్నాను. యాజులు కాలు మీద కాలేసుకుని విన్నాడు.

"వేరే నీళ్ళిచ్చి గవర్నమెంటుని మోసం చేశానని మీ అమ్మ ఒప్పుకుని ముద్ర వేస్తే, మళ్ళీ తీస్తాను. ఆ తర్వాత ఆవిడ మీద కేసు పెడతారో లేదో నా చేతుల్లో లేదు."

నూతికి పోయి ఒక్క సీసా ముంచుకోలేని బద్ధకం అతనిది, మోసం మా అమ్మదా? పీక పిసికేద్దామనిపించింది. కానీ రెండు రోజుల్లో లారీలు వస్తాయి. కాగితం రాసుకొచ్చి అమ్మకి చదివి వినిపించాను. మోసం అన్న మాట మాత్రం గబగబా చదివేశాను.

అమ్మ సిరా పులుముకుని వేలు నొక్కింది.

"బేగి పట్టికెల్లి ఇచ్చీ," అంది. "ఆణ్ణి రమ్మను. ఈసారి గలాసుకీ సీసాకీ మన నూతి నీల్లే పోస్తాను. ఆడు గలాసు కాలీ సేసీదాకా అరుగు దిగనీను."